సైడరాబాద్ బ్యాటర్ల మీద ఒక ఫిర్యాదు, దానికి నా జవాబు

2024 సెప్టెంబరు 12 సాయంత్రం ఇంగ్లండ్‌లో సైడరాబాద్ అని పిలిచే టాంటన్ కౌంటీ గ్రౌండ్‌లో ఉన్నవాళ్లెవరూ, మరో పదకొండు రోజులకల్లా ఊరు ఊరంతా సొంత జట్టు సోమర్సెట్ బ్యాటర్లను తిట్టిపోస్తుందని ఊహించి ఉండరు. ఆ రోజు నేను ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వెళ్లాను. మా మీద గెలవడానికి సర్రే జట్టుకు 221 పరుగులు కావాలి. డ్రా ఖాయమనుకుని చాలామంది టీ తరువాత ఇళ్లకు వెళ్లిపోయారు. ఆట ముగియడానికి నిమిషాలే మిగిలి ఉండగా సర్రే 109కి ఆలౌట్ అయ్యింది. మా పద్దెనిమిదేళ్ల ఆర్చీ వాన్ ఆ మ్యాచ్‌లో 11 వికెట్లు తీశాడు, జాక్ లీచ్ రెండో ఇన్నింగ్స్‌లో ఐదు తీశాడు. 1891 నుంచి ఇంగ్లండ్ కౌంటీ జట్ల లీగైన కౌంటీ చాంపియన్‌షిప్ ఆడుతూ ఒక్కసారి కూడా గెలవని సోమర్సెట్‌కు, ఈసారి నిజంగానే అవకాశం వచ్చిందనిపించింది.

రెండు రోజుల తరువాత కౌంటీ జట్ల టీ20 పోటీ అయిన బ్లాస్ట్ ఫైనల్లో సోమర్సెట్ 124 పరుగులకు కుప్పకూలింది. గ్లౌస్టర్‌షైర్ రెండే వికెట్లు కోల్పోయి ఆ లక్ష్యాన్ని ఊదిపారేసింది. ఆపై వారం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లాంకషైర్ చేతిలో ఓడి, చాంపియన్‌షిప్‌ను సర్రేకు వదులుకుంది. 23వ తేదీన, వాన వల్ల ఇరవై ఓవర్లకు కుదించిన వన్డే కప్ ఫైనల్లో గ్లామోర్గన్ చేతిలో 15 పరుగుల తేడాతో ఓడింది. నోటి దాకా వచ్చిన మూడు ముద్దలూ జారిపోయాయి.

ఆ శనివారం కాఫీ షాపులో మా స్టాండ్ పెద్దాయన కనిపించారు. ఆయన డెబ్బయ్యో పడిలో ఉన్న రిటైర్డ్ మనిషి. ప్రతి మ్యాచ్‌కూ ఫ్లాస్కుతో టీ, రెండు పెన్సిళ్లు, నిలువుగా మడతపడిన స్కోరు పుస్తకం తెచ్చుకుంటారు. నాకు కౌంటీ క్రికెట్ చూడటం నేర్పింది ఆయనే. నేను కూర్చోకముందే తీర్పు చెప్పేశారు: "మన బ్యాటర్లకు ఫామ్ లేదు. ఈ ఏడు మాత్రమే కాదు, ఎన్నో ఏళ్లుగా లేదు." పక్క బల్లల దగ్గరున్న ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఆ తలలూపడమే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది. ఆ మాటలో సగమే నిజం ఉందనీ, మిగతా సగం అబద్ధానికి అభిమానులమైన మనమే బాధ్యులమనీ నేను అప్పటి నుంచీ అనుకుంటున్నాను.

పేరులోనే ఉంది

నేను ఈ ఊరికి 2019 వసంతంలో వచ్చాను. మొదటిసారి మైదానానికి వెళ్లినప్పుడు ఎక్కడి నుంచి వచ్చావని ఎవరో అడిగితే హైదరాబాద్ అని చెప్పాను. చుట్టుపక్కల నలుగురు ఒక్కసారిగా నవ్వారు. "అయితే సొంతూరికే వచ్చారు" అన్నారు. ఆపిల్ పళ్లతో చేసే సైడర్‌కు ఈ ప్రాంతం పేరు మోసింది. బంతి గింగిరాలు తిరిగే టాంటన్ పిచ్‌కు, సైడర్‌నూ మన హైదరాబాద్‌నూ కలిపి ‘సైడరాబాద్’ అని ముద్దుపేరు పెట్టారట. ఆ రాత్రి మా బావకు ఫోన్ చేసి చెబితే, ఉప్పల్లో బంతి అంతలా ఎప్పుడు తిరిగిందని ఆయన ఎదురు ప్రశ్న వేశారు. 2024 జనవరిలో ఆయనకు జవాబు దొరికింది. ఉప్పల్ టెస్టు నాలుగో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ స్పిన్నర్ టామ్ హార్ట్‌లీ ఏడు వికెట్లు తీసి, భారత్‌ను 28 పరుగుల తేడాతో ఓడించాడు. సైడరాబాద్ స్పిన్నర్ జాక్ లీచ్ మాత్రం అసలు హైదరాబాద్‌లో మోకాలికి దెబ్బ తగిలించుకుని ఆ సిరీస్‌కే దూరమయ్యాడు. అప్పుడు సోమర్సెట్‌కే ఆడుతున్న షోయబ్ బషీర్ వీసా ఆలస్యమై హైదరాబాద్ టెస్టుకు అందక, విశాఖపట్నంలో టెస్టు అరంగేట్రం చేశాడు. అదే ఏడాది వేసవిలో అతనికి సోమర్సెట్ తుది జట్టులో వరుసగా చోటు దొరకలేదు, కొన్నాళ్లు వూస్టర్‌షైర్‌కు అరువు వెళ్లాడు. దేశానికి ఆడే స్పిన్నర్‌కే చోటు లేనంత సమృద్ధి అన్నమాట.

ఈ మైదానం ఎప్పుడూ ఇలా లేదు. 1895లో లాంకషైర్ ఆటగాడు ఆర్చీ మెక్‌లారెన్ 424 పరుగులు చేసింది ఇక్కడే. 1925లో జాక్ హాబ్స్ ఒకే మ్యాచ్‌లో డబ్ల్యూ.జి. గ్రేస్ పేరిట ఉన్న 126 సెంచరీల రికార్డును మొదటి ఇన్నింగ్స్‌లో సమం చేసి రెండో ఇన్నింగ్స్‌లో దాటిందీ ఇక్కడే. 1985లో వివియన్ రిచర్డ్స్ 322, 1988లో సోమర్సెట్ మీదే గ్రేమ్ హిక్ 405 నాటౌట్, అన్నీ ఈ గడ్డ మీదే. చిన్న బౌండరీలు, చదునైన పిచ్, వెనకాల టోన్ నది. బ్యాటర్‌కు స్వర్గం. కాకపోతే ఆ స్వర్గంలో నాలుగు రోజులు ఆడి డ్రాలు చేసుకునే జట్టు చాంపియన్ కాలేదు. చాంపియన్ కావాలంటే ఇరవై వికెట్లు తీయాలి.

2016లో నిబంధన మారింది. బయటి నుంచి ఆడటానికి వచ్చిన జట్టు కావాలనుకుంటే టాస్ లేకుండానే ముందు బౌలింగ్ తీసుకోవచ్చన్నారు. పచ్చిక పిచ్‌లు తయారుచేసి సీమర్లతో పని కానిచ్చే ఆతిథ్య జట్లకు అది ముకుతాడు. స్పిన్ పిచ్‌కు మాత్రం అది వరం. ప్రత్యర్థి ముందు బౌలింగ్ చేస్తే, నాలుగో ఇన్నింగ్స్‌లో పగిలిన పిచ్ మీద బ్యాటింగ్ చేయాల్సిందీ ఆ ప్రత్యర్థే. సోమర్సెట్ ఈ కిటుకు పట్టుకుంది. ఆ ఏడాది లీచ్ 60కి పైగా వికెట్లు తీశాడు. అప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. వాళ్లంతా అనాలేమో, నేనింకా రాలేదు కదా. వచ్చాక మాత్రం అందరికన్నా గట్టిగా నేనే కొట్టాను.

రెండో గడి

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. బంతి తిరిగే పిచ్ ప్రత్యర్థి బ్యాటర్ ఎవరో మన బ్యాటర్ ఎవరో చూసి తిరగదు. లీచ్‌కు ఐదు వికెట్లిచ్చిన పిచ్చే అవతలి స్పిన్నర్‌కూ ఇస్తుంది. ఆ సర్రే మ్యాచ్‌లోనే అవతలి జట్టు స్పిన్నర్ షకీబల్ హసన్ తొమ్మిది వికెట్లు తీశాడు. అయినా మన లెక్కల్లో లీచ్ వికెట్లు ప్రతిభ కింద జమ అవుతాయి, మన బ్యాటర్లు పోగొట్టుకున్న వికెట్లు మాత్రం ఫామ్ లేకపోవడం కింద ఖర్చు రాస్తాం.

పెద్దాయన స్కోరు పుస్తకంలో చివరి పేజీలు చూస్తే ఈ పక్షపాతం కళ్లకు కడుతుంది. ఒక్కో బ్యాటర్ పేరుకు ఎదురుగా ఆయన సన్నని అక్షరాలతో సగటు రాసుకుంటారు. 35కు పైన ఉంటే మామూలు పెన్సిల్, 25కు దిగువన ఉంటే ఎర్ర పెన్సిల్. వాన పడిన రోజున పేజీ మూలన చిన్న మబ్బు బొమ్మ గీస్తారు. మబ్బుకు చోటున్న ఆ పుస్తకంలో పిచ్‌కు చోటు లేదు. ఆ శనివారం ఆయన పెన్సిల్ అడిగి తీసుకుని, సర్రే మ్యాచ్ పేజీలో ఒక మూల, మ్యాచ్ సగటు కోసం రెండో గడి గీశాను. నాలుగు ఇన్నింగ్స్‌ల స్కోర్లు 317, 321, 224, 109. మొత్తం 971 పరుగులు, నలభై వికెట్లు. ఎక్‌స్ట్రాలు కూడా కలుపుకుని ఒక్కో వికెట్‌కు 24 పరుగులు. అంటే ఆ మ్యాచ్‌లో 30 పరుగులు చేసినవాడు మ్యాచ్ సగటుకన్నా మెరుగైన పని చేసినట్టే. పెద్దాయన పుస్తకంలో మాత్రం అతను ఎర్ర పెన్సిల్‌కు ఐదు పరుగుల దూరంలో నిలబడి ఉంటాడు. మొదటి ఇన్నింగ్స్‌లో 132 చేసి, ఆపైన చీలమండ దెబ్బతో కుంటుకుంటూ రెండో ఇన్నింగ్స్‌లో చిట్టచివర దిగి 46 చేసిన మన టామ్ బాంటన్ ఆ పిచ్ మీద చేసిన పని ఎంతటిదో, రెండో గడి చూస్తే తప్ప అర్థం కాదు.

2019 ఆఖరి మ్యాచ్‌కు ఇదే లెక్క కడితే ఇంకా విచిత్రంగా ఉంటుంది. అది నేను ఈ ఊళ్లో చూసిన మొదటి సీజన్. ఎసెక్స్‌తో ఆ మ్యాచ్ గెలిస్తే చరిత్రలో మొదటి టైటిల్. కానీ చాలా భాగం వాన మింగేసింది. సోమర్సెట్ 203, ఎసెక్స్ 141. ఆఖరి రోజు సాయంత్రం మన జట్టు రెండో ఇన్నింగ్స్‌నే వదులుకుని ఎసెక్స్‌కు 63 పరుగుల లక్ష్యం ఇచ్చింది. గంట సేపట్లో పది వికెట్లు తీయాలి. పడింది ఒక్కటే, ఎసెక్స్ 45 పరుగులు చేసింది. ఆ 45 పరుగులతో కలిపి మ్యాచ్ మొత్తానికి 389 పరుగులు, ఇరవై ఒక్క వికెట్లు, వికెట్‌కు 18న్నర. పిచ్ బాగాలేదని ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు ఆ తరువాత సోమర్సెట్‌కు 24 పాయింట్ల కోత విధించింది, అందులో సగం సస్పెండ్ చేసింది. ఆ సీజన్‌లో సోమర్సెట్ బ్యాటర్లలో ఒక్కరు కూడా చాంపియన్‌షిప్‌లో వెయ్యి పరుగులు చేరలేదు. అయినా రెండో స్థానంలో నిలిచారు. ఆ ఏడాది వచ్చిన మురళీ విజయ్ మూడు మ్యాచ్‌లలో కలిపి 50 పరుగులైనా చేయకుండా వెళ్లిపోతే, స్టాండ్‌లో నన్ను చూసి కొందరు నేనేదో హామీ సంతకం పెట్టినట్టు నిట్టూర్చారు.

ఇక్కడ బోర్డే పిచ్ బాగాలేదని శిక్ష వేసింది. అదే పిచ్‌ల మీద ఆడిన బ్యాటర్లకు సగటు బాగాలేదని మనం శిక్ష వేస్తున్నాం. ఒకే తప్పుకు రెండు శిక్షలు, రెండోది తప్పు చేయనివాళ్లకు.

పెద్దాయన ఊరుకోలేదు

రెండో గడిని ఆయన కాసేపు చూసి, పెన్సిల్ వెనక్కి తీసుకున్నారు. "బాగానే ఉంది. అయితే ఓల్డ్ ట్రాఫర్డ్ పిచ్ కూడా మనమే చేయించామా? బ్లాస్ట్ ఫైనల్ ఆడింది బర్మింగ్‌హామ్‌లో కదా?" అన్నారు.

దీనికి నా దగ్గర సరైన సమాధానం లేదు. బర్మింగ్‌హామ్‌లోని ఎడ్జ్‌బాస్టన్‌లో 124 పరుగులకు ఆలౌట్ కావడానికి సైడరాబాద్ కారణం కాదు. అదే పిచ్ మీద అవతలివాళ్లు రెండు వికెట్లకే పని ముగించారంటే, రెండో గడి గీసినా ఎర్ర పెన్సిలే వస్తుంది. పన్నెండు రోజుల్లో మూడు రకాల క్రికెట్, నాలుగు ఊళ్లు, అలసట అని చెప్పవచ్చు. అలసట ఒక్క బ్యాటర్లకే ఉంటుందా అని ఆయన అడుగుతారు, అడగాలి కూడా. ఇంకొంచెం లోతైన అనుమానం నాకే ఉంది. ఏళ్ల తరబడి తిరిగే పిచ్‌ల మీద ఆడిన బ్యాటర్, ఎలాగూ ఒక బంతి తన పేరు రాసుకుని వస్తుందని నమ్మడం మొదలుపెడతాడా? ఆ బంతి వచ్చేలోపు దొరికినన్ని దండుకుందామన్న తొందర అతనికి అలవాటైపోతుందా? అదే నిజమైతే పిచ్ సగటును మాత్రమే కాదు, ఆటగాడిని కూడా మారుస్తుంది, అప్పుడు ఫామ్ లేదన్న పెద్దాయన మాటకు బలం వస్తుంది. అయితే ఇదే మైదానంలో పెరిగిన జేమ్స్ రూ 2023లో పందొమ్మిదేళ్ల వయసులో చాంపియన్‌షిప్‌లో ఐదు సెంచరీలు చేసి వెయ్యి పరుగులు దాటాడు. ఈ మధ్య సంవత్సరాల్లో టాంటన్ పిచ్ 2019 నాటి పిచ్ కాదన్నది కూడా ఒప్పుకోవాలి. నా వాదన అన్ని ఏళ్లకూ సమానంగా వర్తించదు.

ఫామ్ అన్న మాటకే అసలు అర్థం ఎంత ఉందని నాకు మరో సందేహం. చతేశ్వర్ పుజారా 2018లో యార్క్‌షైర్‌కు ఆరు మ్యాచ్‌లు ఆడి 14.33 సగటుతో తిరిగొచ్చాడు. అదే వేసవిలో సౌతాంప్టన్ టెస్టులో 132 నాటౌట్ చేశాడు. 2022లో రెండో డివిజన్‌లో ససెక్స్‌కు ఆడి 109.40 సగటు సాధించాడు. మనిషి అదే, పట్టు అదే, ఓపిక అదే. మారింది వాతావరణం, ప్రత్యర్థి, పిచ్. మన హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసిన కాలితో 161 బంతులు ఆడి టెస్టును కాపాడాడు. ఏప్రిల్‌లో వార్విక్‌షైర్‌కు ఆడితే ఆరు ఇన్నింగ్స్‌లలో వచ్చింది 100 పరుగులు. అప్పుడు మా బావ ఫోన్ చేసి "ఏమైందిరా మనవాడికి, ఫామ్ పోయిందా?" అని అడిగారు. ఏప్రిల్ నెల ఉదయం పదకొండు గంటలకు ఇక్కడ చేతులు జేబుల్లోంచి తీయలేం, ఇక్కడి డ్యూక్స్ బంతి గాల్లోనూ నేల మీదా తిరుగుతుంది, ఎదురుగా స్టువర్ట్ బ్రాడ్ లాంటి పేసర్ ఉంటాడు బావా అని చెప్పాను. ఆయన నమ్మలేదు. 2025లో తిలక్ వర్మ హాంప్‌షైర్‌కు మొదటి ఇన్నింగ్స్‌లోనే సెంచరీ కొట్టినప్పుడు, "ఇప్పుడేమంటావు, చలి లేదా?" అని నిలదీశారు. అది జూన్ నెల అని గుర్తుచేయాల్సి వచ్చింది.

నెలల ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క ముక్క. జులై నడిమిలో, ఆగస్టులో, అంటే పిచ్‌లు ఎండి బ్యాటర్‌కు అనుకూలించే రోజుల్లో, చాంపియన్‌షిప్‌కు దాదాపు చోటు లేకుండా పోయింది. ఆ రోజులను టీ20లు, ఇన్నింగ్స్‌కు వంద బంతుల హండ్రెడ్ పోటీ తీసుకున్నాయి. సోమర్సెట్‌కే చెందిన విల్ స్మీడ్ ఒక్క ఫస్ట్ క్లాస్ మ్యాచైనా ఆడకుండానే, 21 ఏళ్లకే ఎర్ర బంతితో ఆడే నాలుగు రోజుల ఆట నాకొద్దని, పొట్టి ఆటలకే తెల్ల బంతి ఒప్పందం చేసుకున్నాడు. అతన్ని తప్పుపట్టలేను. తప్పుపట్టినవాళ్లు కూడా 2025 బ్లాస్ట్ ఫైనల్లో అతను 94 చేసి కప్పు తెచ్చినప్పుడు కుర్చీల మీదికెక్కి గంతులేశారు.

బ్యాటర్లు అన్నీ చేసిన రోజు

గెలవని జట్టు అభిమానికి ఒక దోషి కావాలి. టాంటన్‌లో స్పిన్నర్లంటే ప్రేమ, అందుకే దోషి ఎప్పుడూ బ్యాటరే. కానీ సోమర్సెట్ చరిత్రలో అత్యంత చేదుగా చేజారిన టైటిళ్లు తీసుకుంటే, అందులో బ్యాటర్ల పాపం ఏమంత లేదు. 2010లో నాటింగ్‌హామ్‌షైర్‌తో పాయింట్లు సమానమయ్యాయి. వాళ్లు ఒక మ్యాచ్ ఎక్కువ గెలిచారు కనుక టైటిల్ వాళ్లకు పోయింది.

2016 మరీ అన్యాయం. పెద్దాయన ఆ మ్యాచ్ పేజీని నాకు చాలాసార్లు చూపించారు. టాంటన్‌లో నాటింగ్‌హామ్‌షైర్‌తో ఆఖరి మ్యాచ్. రిటైర్ కాబోతున్న కెప్టెన్ క్రిస్ రోజర్స్ రెండు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీలు చేశాడు. జేమ్స్ హిల్డ్రెత్‌కు ఇన్నింగ్స్ ఆరంభంలోనే బంతి చీలమండకు తగిలి ఎముక విరిగింది. రన్నర్‌ను పెట్టుకుని 135 చేశాడు. ఆ పేజీలో హిల్డ్రెత్ పేరు పక్కన ఆయన చిన్న కర్ర బొమ్మ గీశారు, చేతికర్రలాంటిది. సోమర్సెట్ మూడో రోజే భారీ తేడాతో గెలిచి, మర్నాడు లార్డ్స్ వైపు చూస్తూ కూర్చుంది. అక్కడ మిడిల్‌సెక్స్, యార్క్‌షైర్ మ్యాచ్ డ్రా అయితే టైటిల్ టాంటన్‌దే. ఆ రెండు జట్లూ మాట్లాడుకుని 40 ఓవర్లలో 240 లక్ష్యంగా ఒప్పందం కుదుర్చుకున్నాయి. టోబీ రోలాండ్ జోన్స్ హ్యాట్రిక్ తీసి మిడిల్‌సెక్స్‌ను చాంపియన్‌ను చేశాడు. నాలుగు వందల మంది దాకా ఆ సాయంత్రం టాంటన్ మైదానంలో టీవీ తెర ముందు నిలబడ్డారని పెద్దాయన అంటారు. ఆయన అంచనాలు కొంచెం ఉదారంగా ఉంటాయి.

"ఆ రోజు బ్యాటర్లకు ఫామ్ ఉందా?" అని అడిగాను.

"ఉంది" అన్నారు.

"మరి టైటిల్?"

ఆయన జవాబు చెప్పకుండా ఫ్లాస్కు మూత తిప్పడం మొదలుపెట్టారు. కాఫీ షాపులో సొంత టీ తాగకూడదని గుర్తొచ్చి మళ్లీ బిగించారు.

2025 ఏప్రిల్ మొదటి మ్యాచ్‌లో, టాంటన్‌లో వూస్టర్‌షైర్ మీద, బాంటన్ 371 చేశాడు. 2006లో జస్టిన్ లాంగర్ నెలకొల్పిన 342ను దాటి సోమర్సెట్ తరఫున ఎవరూ చేయనంత పెద్ద స్కోరు చేశాడు. ఆ రోజుల్లో పని ఒత్తిడి వల్ల ఫోన్లోనే అప్పుడప్పుడూ స్కోరు చూసుకున్నాను. తరువాతి మ్యాచ్‌కు స్టాండ్‌లో పెద్దాయన పక్కన కూర్చుని, ఇక ఎర్ర పెన్సిల్ పారేయవచ్చు కదా అన్నాను. ఆయన ఆ పేజీ తీసి నా ముందు పెట్టారు. 371కి ఎదురుగా నేను నేర్పిన రెండో గడి ఖాళీగా ఉంది, గీతలు మాత్రం స్కేలుతో గీసి ఉన్నాయి.

"పిచ్ చాలా చదును. మీ పద్ధతి ప్రకారం ఈయన పరుగుల్లోంచి ఎంత తీసేయమంటారు?" అని పెన్సిల్ అందించారు.

అదే పిచ్ మీద మొదటి ఇన్నింగ్స్‌లో వూస్టర్‌షైర్ 154కే ఆలౌట్ అయిందని గట్టిగానే చెప్పాను. ఆయన తలూపి, పెన్సిల్ మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇంటికొచ్చాక కోటు జేబులో చూసుకుంటే అది ఎర్ర పెన్సిల్.